మన మూత్రపిండాలు – ఒంట్లో నీటి లెక్క

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా తరువాత డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన పెద్దలున్నారు. కాబట్టి నాకిచ్చిన అరగంట దాటను. సర్వీసంతా వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాడిని కనుక మూత్రపిండాల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మూత్రపిండాలనగానే మనకు రాళ్లు, డయాలసిస్ గుర్తుకొస్తాయి. నేను వాటి జోలికి పోను. ఒంట్లో రక్తం పరిమాణం తగ్గితే మూత్రపిండం ఏం చేస్తుంది, పెరిగితే ఏం చేస్తుంది – ఈ ఒక్క సంగతే చెబుతాను. ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలి, మోకాళ్ల నొప్పి మాత్ర ఎప్పుడు ప్రమాదం, రాత్రి రెండు గంటలకు నిద్రలో ఎందుకు లేవవలసి వస్తుంది – ఇవన్నీ ఆ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

ముందు కొన్ని అంకెలు

జమాఖర్చులు చూసిన చేతులు మనవి. అంకెలంటే మనకు భయం లేదు గదా!

మామూలు మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మూత్రపిండాలు రెండూ కలిపి తూచినా 300 గ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి. కాని గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో ఐదో వంతు, అంటే లీటరుకు పైగా, ఈ రెంటికే వెళుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలున్నాయి. అవన్నీ కలిసి రోజుకు 180 లీటర్ల నీటిని వడకడతాయి. మనం విసర్జించేది లీటరున్నర. మిగిలిన 178 లీటర్లు తిరిగి రక్తంలోకే చేరతాయి.

ఉప్పు లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ 180 లీటర్లతో పాటు రోజుకు దాదాపు కిలోన్నర ఉప్పు జల్లెడ దాటుతుంది. బయటికి పోయేది ఆ రోజు మనం తిన్న ఎనిమిది, పది గ్రాములు మాత్రమే. మిగిలినదంతా వెనక్కి వస్తుంది. ఈ వెనక్కి తీసుకోవడంలో నూటికి ఒక్క పాలు తేడా వచ్చినా రోజుకు రెండు లీటర్ల దాకా నీరు అటో ఇటో అవుతుంది. అంత సున్నితమైన లెక్క ఇది. ఈ లెక్కలో ఒక సూత్రం గుర్తుంచుకోండి: ఒంట్లో నీటిని పట్టి ఉంచేది ఉప్పు. ఉప్పు ఎక్కడ నిలిస్తే నీరు అక్కడ నిలుస్తుంది.

గేజి చూసే లష్కరు

మనలో నీటిపారుదల శాఖలో పనిచేసిన వారున్నారు. చివరి కాలువ మీద కాపలా ఉండే లష్కరు ఎక్కడో ఉన్న రిజర్వాయరు మట్టం చూడలేడు. తన ముందున్న గేజి చూస్తాడు. గేజి దిగితే తూములు బిగిస్తాడు. గేజి ఎక్కితే తూములు ఎత్తుతాడు. మూత్రపిండం చేసేదీ అదే. ఒంట్లో మొత్తం ఎంత నీరుందో దానికి తెలియదు. తన దగ్గరకొచ్చే ధమనిలో ఒత్తిడి ఎంతుందో, తన జల్లెడ దాటి ఎంత ఉప్పు వస్తోందో చూస్తుంది. దాన్నిబట్టి నిర్ణయం చేస్తుంది.

గేజి దిగినప్పుడు మూత్రపిండం ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దాని పేరు రెనిన్. 1898లో స్వీడన్ దేశంలో, స్టాక్‌హోమ్ నగరంలో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. కుందేలు మూత్రపిండం రసం తీసి మరో కుందేలుకు ఎక్కిస్తే దాని రక్తపోటు పెరిగింది. రెనిన్ తానుగా రక్తనాళాలను బిగించదు. రక్తంలో ఉన్న మరో పదార్థం నుంచి ఆంజియోటెన్సిన్ అనేది తయారు చేయిస్తుంది. ఇది 1940 ప్రాంతాల్లో అమెరికాలో ఒక బృందానికి, అర్జెంటీనాలో మరో బృందానికి విడివిడిగా దొరికింది. వాళ్లొక పేరు, వీళ్లొక పేరు పెట్టారు. చివరికి 1958లో రెండు పేర్ల నుంచి చెరో ముక్క తీసి కలిపి రాజీపడ్డారు. ఆ రాజీ పేరే ఆంజియోటెన్సిన్.

ఈ ఆంజియోటెన్సిన్ ఏకకాలంలో పలు పనులు చేస్తుంది. రక్తనాళాలను బిగించి రక్తపోటు పడిపోకుండా నిలుపుతుంది. మూత్రపిండం నెత్తిన టోపీలా ఉండే ఎడ్రినల్ గ్రంథిని తట్టి ఆల్డోస్టెరోన్ అనే హార్మోను తెప్పిస్తుంది. ఆ హార్మోను ఉప్పును వెనక్కి పట్టి తెస్తుంది. మెదడులో దాహం పుట్టిస్తుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి మరో హార్మోను వచ్చి నీటిని వెనక్కి లాగుతుంది. అందుకే ఒంట్లో నీరు తగ్గిన రోజున మూత్రం కొద్దిగా, చిక్కగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. అది జబ్బు లక్షణం కాదు, మూత్రపిండం పొదుపు చేస్తోందనడానికి గుర్తు.

రక్తదానం చేసిన వారిని చూడండి. ఒకసారికి 350 మిల్లీలీటర్ల రక్తం ఇస్తారు. అరగంటలో లేచి ఇంటికి వెళతారు. తాగిన నీటితోనూ తిన్న ఉప్పుతోనూ ఒకటి రెండు రోజుల్లో ఆ పరిమాణం భర్తీ అవుతుంది. ఎర్రకణాలు పూర్తిగా కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. కాని రక్తం మట్టం మాత్రం వెంటనే సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు చాలావరకు మూత్రపిండాల పుణ్యమే.

ఇంకో మాట. గేజి దిగినప్పుడు జల్లెడలు ఎండిపోకుండా మూత్రపిండం తన లోపల కూడా ఏర్పాటు చేసుకుంటుంది. ప్రతి జల్లెడకూ రక్తం తెచ్చే గొట్టం ఒకటి, రక్తం పోయే గొట్టం ఒకటి ఉంటాయి. తెచ్చే గొట్టాన్ని ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థంతో వెడల్పు చేసుకుంటుంది. పోయే గొట్టాన్ని ఆంజియోటెన్సిన్‌తో బిగించుకుంటుంది. వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు. దానితో జల్లెడలో ఒత్తిడి నిలిచి వడపోత ఆగకుండా సాగుతుంది. ఈ రెండు గొట్టాల సంగతి దయచేసి గుర్తుంచుకోండి. మన మందుల డబ్బా దగ్గరకు వచ్చేసరికి ఇదే అక్కరకొస్తుంది.

మట్టం పెరిగినప్పుడు

రక్తం పరిమాణం పెరిగితే ముందుగా తెలిసేది గుండెకు. పై గదులు సాగుతాయి. 1981లో కెనడాలో డి బోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల గుండె పై గదుల రసం తీసి వేరే ఎలుకలకు ఎక్కించాడు. వాటికి మూత్రం, ఉప్పు విపరీతంగా పోవడం మొదలైంది. గుండె కేవలం పంపు కాదని, మూత్రపిండానికి తూములెత్తమని కబురు పంపే గ్రంథి కూడా అని దానితో తేలింది.

నదిలో మెడలోతు నీళ్లలో కాసేపు నిలబడితే మూత్రం రావడం మీలో చాలామందికి అనుభవమే. బయటి నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం పైకి, గుండెకు చేరుతుంది. మట్టం పెరిగిందని గుండె కబురు పంపుతుంది. ఒంట్లో ఒక్క చుక్క నీరు పెరగకపోయినా మూత్రపిండం తూములెత్తుతుంది.

రాత్రిపూట లేవడానికి కూడా ఇదొక కారణం. పగలంతా కుర్చీలో కూర్చుంటే, నిలబడితే నీరు కాళ్లకు దిగుతుంది. సాయంత్రానికి చెప్పు బిగుతవుతుంది. పడుకోగానే ఆ నీరు రక్తంలోకి తిరిగొస్తుంది. మట్టం పెరుగుతుంది, మూత్రం తయారవుతుంది. వయసులో ఉన్నవారికి రాత్రిపూట నీటిని ఆపే హార్మోను ఎక్కువగా వస్తుంది. మనకు ఆ పెరుగుదల తగ్గిపోతుంది. మగవారికి ప్రోస్టేటు ఇబ్బంది సరేసరి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే కాళ్లలో చేరిన నీరు కొంత పగలే పోతుంది. అంతేగాని రాత్రి లేవాల్సి వస్తుందని పగలంతా నీళ్లు మానేయడం పరిష్కారం కాదు.

వయసు తెచ్చే తేడా

వయసుతోపాటు చాలామందిలో వడపోత శక్తి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. అది సహజం, భయపడవలసింది కాదు. మామూలు రోజుల్లో ఆ తగ్గిన శక్తితోనే పని జరిగిపోతుంది. ఇబ్బందల్లా మట్టం గబుక్కున పడిపోయిన రోజునే. పెద్దవయసు మూత్రపిండం ఉప్పును అంత తొందరగా ఆపలేదు. మూత్రాన్ని అంత చిక్కన చేయలేదు. అన్నిటికంటే ముఖ్యం, దాహం సరిగా వేయదు.

1984లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న యువకులను, 67 నుంచి 75 ఏళ్ల పెద్దవారిని 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచారు. తరువాత కావలసినన్ని తాగమన్నారు. పెద్దవారి ఒంట్లో నీటి కొరత ఉన్నా దాహం తక్కువ వేసింది, వారు తాగిందీ తక్కువే. కాబట్టి "దాహం వేస్తే తాగుతాను లెండి" అనే మాట మన వయసుకు చెల్లదు. దాహంతో పని లేకుండా వేళకు తాగడం అలవాటు చేసుకోవాలి.

మందుల డబ్బా

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక పెద్దాయనను ఊహించుకుందాం. డెబ్బై ఏళ్లు. బి.పి.కి రెండు మాత్రలు. ఒకటి ఆంజియోటెన్సిన్‌ను అడ్డుకునేది: రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ – ఈ తరహాలో ఏదో ఒకటి. రెండోది మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, మనం నీళ్ల మాత్ర అంటాం. మే నెలలో మేనల్లుడి పెళ్లికి బస్సులో బయలుదేరారు. దారిలో దిగవలసి వస్తుందని నీళ్లు తాగలేదు. మోకాళ్లు నొప్పులుగా ఉంటే మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు రెండు రోజులు వేసుకున్నారు. మూడోరోజు పెళ్లి భోజనం పడక విరేచనాలు. ఊళ్లో లేకపోయినా క్రమం తప్పకూడదని బి.పి. మాత్రలు మాత్రం వేళకు వేసుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ రెండు గొట్టాలను గుర్తు చేసుకోండి. ఎండ, విరేచనాలు, నీళ్ల మాత్ర – మూడూ కలిసి మట్టం దించేశాయి. వచ్చే గొట్టాన్ని వెడల్పు చేసే ప్రోస్టాగ్లాండిన్‌ను నొప్పి మాత్ర ఆపేసింది. పోయే గొట్టాన్ని బిగించే ఆంజియోటెన్సిన్‌ను బి.పి. మాత్ర ఆపేసింది. లష్కరు గేజి చూస్తూనే ఉన్నాడు, కాని చేతిలో పనిముట్లు లేవు. జల్లెడలో ఒత్తిడి పడిపోతుంది. మూత్రం తగ్గిపోతుంది. రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పెరుగుతాయి. సకాలంలో ద్రవాలు ఎక్కించి ఆ మాత్రలు ఆపితే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే మూత్రపిండంలోని సన్నని నాళాల కణాలు చచ్చిపోతాయి. డయాలసిస్ దాకా వెళ్లవచ్చు.

ఇక్కడ ఎవరూ పొరబాటు పడకూడదు. బి.పి. మాత్రలు చెడ్డవని నేను చెప్పడం లేదు. బి.పి., షుగరు ఉన్నవారిలో ఈ ఆంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందులే ఏళ్ల తరబడి మూత్రపిండాలను కాపాడతాయి. ఈ మందులలో ముందుగా వచ్చింది 1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్. బ్రెజిల్ దేశపు ఒక పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి పుట్టింది. ఎన్నో ప్రాణాలు నిలిపింది. ప్రమాదం మందులో లేదు, మట్టం పడిపోయిన రోజున కూడా అదే మందు వేసుకోవడంలో ఉంది. అందుకని వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి నీళ్లు పోని రోజున డాక్టరు గారికి ఫోను చేసి "ఈ మాత్రలు ఒకటి రెండు రోజులు ఆపాలా?" అని అడగండి. నీళ్ల మాత్రలు, ఆంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మాత్రలు, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ – వీటి గురించి ప్రత్యేకంగా అడగండి. తేరుకున్నాక మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగండి. మీ అంతట మీరు మానేసి ఊరుకోవద్దు.

నొప్పి మాత్రల విషయం మరీ మరీ చెబుతాను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ – పేర్లు వేరైనా మూత్రపిండంలో చేసే పని ఒకటే. "ఇందులో పారాసెటమాలే ఉందండీ" అని షాపులో ఇచ్చే మాత్రలో చాలాసార్లు ఎసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి, కళ్లు ఆనకపోతే మనవడి చేత చదివించండి. డాక్టరు చెప్పిన మోతాదులో ఒట్టి పారాసెటమాల్ మూత్రపిండాలకు వీటికంటే ఎంతో నయం. ఇక గుండె కోసం డాక్టరు రాసిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేరే సంగతి. దాన్ని మీరై మీరు ఆపకూడదు.

లష్కరు మోసపోయే సందర్భం

గుండె నీరసపడిన వారి సంగతి వేరు. వారికి కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, ఒంట్లో నీరు నిండుగా ఉంటుంది. అయినా మూత్రం తగ్గుతుంది. ఎందుకు? గుండె బలంగా తోయలేకపోవడం వల్ల ధమనిలో గేజి తక్కువ చూపిస్తుంది. రిజర్వాయరు పొంగుతున్నా చివరి కాలువకు నీళ్లు రావడం లేదు. లష్కరు పాపం కరువనుకుని తూములు బిగించి ఉప్పు, నీరు ఇంకా కూడబెడతాడు. వాపు ఇంకా పెరుగుతుంది. ఇలాంటి వారికి నీళ్ల మాత్ర ప్రాణాధారం. ఉప్పు తగ్గించడమూ అంతే అవసరం. వీరు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు కొలత చెప్పి ఉంటే ఆ కొలతే పాటించాలి. నేను ఈ సభలో చెప్పిన "వేళకు నీళ్లు" అన్న మాట వారికి వర్తించదు.

ఉదయం లేవగానే లీటరున్నర నీళ్లు ఒక్క ఊపున తాగే అలవాటు కొందరికి ఉంది. పెద్దవయసులో, అందులోనూ నీళ్ల మాత్ర వేసుకునేవారికి, ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మాట తడబడటం, మగత, పడిపోవడం జరుగుతాయి. కాబట్టి విడతలు విడతలుగా తాగడమే మేలు.

పోయిన దాన్ని ఎలా పూడ్చాలి

విరేచనాలలో నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. ఉప్పు లేకుండా నీరు ఒంట్లో నిలవదని మొదటే అనుకున్నాం. పేగులలో ఉప్పు లోపలికి చేరడానికి కొద్దిగా గ్లూకోజు తోడు కావాలి. ఓ.ఆర్.ఎస్. రహస్యమంతా అదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైను సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఉండే 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేసి అంచనాగా కలపకూడదు. కలిపినది 24 గంటల్లో వాడెయ్యాలి. షుగరు ఉన్నవారు కూడా విరేచనాలప్పుడు తాగవచ్చు, షుగరు చూసుకుంటూ ఉండాలి. బి.పి. ఉన్నవారికి అందులోని ఉప్పు పోయినదానికి భర్తీ మాత్రమే. కాని మామూలు రోజుల్లో దాహానికి తాగే పానీయం కాదది. గుండె నీరసం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తాగాలి.

ఓ.ఆర్.ఎస్. అన్న పేరు చూసి మోసపోవద్దు. పంచదార ఎక్కువగా ఉండి, ఉప్పు చాలని తియ్యని పానీయాలు చాలాకాలం ఆ పేరుతో అమ్ముడయ్యాయి. దీని మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలపై ఓ.ఆర్.ఎస్. అన్న పేరు వాడరాదని ఆదేశించింది. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి కొనండి. అది దొరికే లోపల ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, అన్నం గంజి మనకు తెలిసినవే.

ఇంటికి తీసుకెళ్లవలసిన నాలుగు మాటలు

ఒకటి. వారానికి రెండుసార్లు, ఉదయం పూట, ఒకే తూకం మీద బరువు చూసుకుని కాగితం మీద రాయండి. రెండు రోజుల్లో రెండు కిలోలు తగ్గితే పోయింది కొవ్వు కాదు, దాదాపు రెండు లీటర్ల నీరు. అలాగే రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాస్తే డాక్టరును కలవండి.

రెండు. ప్రయాణాల్లో, పెళ్లిళ్లలో నీళ్లు మానకండి. ముఖ్యంగా ఆడవారు సరైన మరుగుదొడ్డి ఉండదని ఉదయం నుంచి గొంతు ఎండబెట్టుకుంటారు. ఇంట్లోవాళ్లు దారిలో ఎక్కడ ఆగాలో ముందే చూసి పెట్టాలి. అది వారి మూత్రపిండాలకు చేసే సేవే.

మూడు. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, మాట పొంతన లేకపోవడం, తాగినది తాగినట్టు వాంతి కావడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లవారాక చూద్దాం అనకూడదు. పెద్దవారిలో చర్మం పట్టి చూసే పరీక్ష నమ్మదగింది కాదు, మన చర్మం మామూలుగానే వదులై ఉంటుంది.

నాలుగు. ఏడాదికోసారి, బి.పి., షుగరు ఉంటే డాక్టరు చెప్పినన్ని సార్లు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ తగ్గిన పెద్దవారిలో అంకె మామూలుగా కనిపించినా వడపోత తగ్గి ఉండవచ్చు. కాబట్టి వయసును కలిపి లెక్కగట్టిన వడపోత అంకెను కూడా రిపోర్టులో చూపమని అడగండి.

ఈ నాలుగు మాటలూ మీ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. నీరు తగ్గి మగతలో ఉన్న మనిషికి తాను నీళ్లు తాగలేదన్న సంగతే గుర్తుండదు. మీరు వాడే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి, పెన్షను పుస్తకంతో పాటు ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. కాలువ ఎండిన రోజున లష్కరు ఒక్కడి వల్లా కాదు. ఇంటివాళ్లూ ఒక చెయ్యి వేయాలి.